బిక్షమ్మ పరగడుపు

నాకు పదేళ్లు దాటిన ఏడు మా బడి నుంచి మొదటి సత్ప్రసాదం, అంటే పూజలో ఫాదర్ నాలుక మీద పెట్టే అప్పం, తీసుకోవాల్సిన వాళ్లం ఇద్దరమే, నేనూ బిక్షమ్మా. నా పేరు భద్రమ్మ. ముప్ఫై ఏళ్లు పంతులమ్మగా పనిచేశాను. భద్రమ్మ టీచరుది జాలిగుండె అని జనం అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది. ఎందుకో ఇవాళ చెప్పేస్తాను.

బడి అనగానే పెద్దగా ఊహించుకోకండి. హుజూర్‌నగర్ తాలూకాలో ఒక పల్లె, దాని చివర మా వాడ, వాడ చివర తాటాకుల పాక. అదే బడి, ఆదివారం అదే గుడి. బాలస్వామి పంతులు పొద్దున అక్షరాలు దిద్దించి, మధ్యాహ్నం జ్ఞానోపదేశం, అంటే మతం ప్రశ్నలూ జవాబులూ, చెప్పేవాడు. సాయంత్రం మా అమ్మానాయినల కొట్లాటలు తీర్చేవాడు. జ్వరమొస్తే మందిచ్చేదీ, మనిషి పోతే ప్రార్థన చదివేదీ ఆయనే. చింతబరిక మాత్రం ఎప్పుడూ చేతిలోనే ఉండేది. దేవుడి ప్రేమ గురించి అడిగిన ప్రశ్నకు జవాబు తప్పినా అరచేయి వాచేది.

బిక్షమ్మకు ఒక్కనాడూ దెబ్బ పడలేదు. జ్ఞానోపదేశం మొత్తం గడగడా అప్పజెప్పేది. నేనూ చెప్పేదాన్నే, కానీ ఎక్కడో ఒకచోట తడబడేదాన్ని. పంతులు నా వైపు చూసి, "దాని మూత్రం తాగన్న నేర్చుకో" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. బిక్షమ్మ నవ్వేది కాదు. నవ్వినా బాగుండేది, తిట్టుకోవడానికి ఒక సాకు దొరికేది.

ఆ ఎండాకాలం దొర ఉండే గడీ నుంచి కబురొచ్చింది. పదేళ్లు దాటిన మా వాడ ఆడపిల్లలు దొర కొట్టంలో పేడ ఎత్తడానికి రావాలి. వెట్టి కాబట్టి కూలి లేదు, కాదనడానికి నోరూ లేదు. అంతకుముందు అలా గడీకి పోయిన మైసయ్య బిడ్డ మళ్లీ పలక పట్టలేదు. పదిహేనేళ్లకు కడుపుతో బావిలో తేలింది. ఆ సంగతి వాడలో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

తప్పించుకునే దారి ఒక్కటే ఉంది. నల్గొండలో కన్యాస్త్రీల బోర్డింగు. మూడు నెలలకోసారి పెద్ద గుడికి వచ్చే తెల్ల ఫాదర్ పంపిన పిల్లల జోలికి దొర పోడు. మా బడికి ఇచ్చింది ఒక్క సీటు. సత్ప్రసాదం తీసుకున్న పిల్లల్లో జ్ఞానోపదేశం బాగా వచ్చినదానికే అది. అంటే బిక్షమ్మకే. నేను గడీకి.

మా అమ్మ రాత్రుళ్లు నన్ను పట్టుకుని ఏడ్చేది. నేను ఏడవలేదు. నాకు బిక్షమ్మ మీద కోపం తప్ప ఇంకేమీ లేదు.

మాకు సత్ప్రసాదం ఇచ్చే పండుగ పూజ మూడు కోసుల అవతల, ఆరు మైళ్ల దూరంలో, పెద్ద గుడిలో. సత్ప్రసాదం పరగడుపునే తీసుకోవాలి. అప్పటి నియమం ఏమిటంటే, అర్ధరాత్రి దాటాక మెతుకు కాదు కదా, మంచినీళ్ల చుక్క కూడా గొంతు దిగకూడదు. వేపపుల్ల వేసుకుని పుక్కిలించాక, మింగలేదు కదా అని పంతులు మా నోళ్లు తెరిపించి మరీ చూశాడు. తెల్లవారగానే ముగ్గురం బయలుదేరాం. పెద్దవాళ్లు పనికి పోవాలి, కాబట్టి మా వెంట ఆయన ఒక్కడే.

రెండు కోసులు నడిచేసరికే ఎండ నిప్పులు చెరిగింది. బిక్షమ్మ అంతకుముందు వారమే జ్వరపడి లేచింది. ఒక మోటబావి దగ్గర ఆమె కాళ్లు మడతపడి కూలిపోయింది. పంతులు కంగారుపడ్డాడు. గుడి దాకా తీసుకుపోవడానికి బండి తెస్తానని పక్క ఊరికి పరుగెత్తాడు. పోతూ పోతూ నాకు మరీమరీ చెప్పాడు.

"తడిగుడ్డ మొఖం మీద పెట్టు. పెదవులు తడుపు. నోట్లెకు మాత్రం చుక్క పోవద్దు. పోయిందా, ఇయ్యాల దానికి ప్రసాదం లేదు. యాదుంచుకో!"

"యాదుంచుకుంట సారూ" అన్నాను.

బావి పక్క కాలువలో కొంగు తడిపి ఆమె ముఖం మీద వేశాను. కాసేపటికి ఊపిరి సర్దుకుంది. కళ్లు తెరిచి, నన్ను చూసి, మళ్లీ మూసుకుంది. గండం గడిచిపోయింది. ఇంకో పావుగంట కూర్చుంటే లేచి నడిచేదే. నా పేరు నాకు ఎంత బాగా తెలుసో, అదీ అంత బాగా తెలుసు.

కాలువలో దోసిలి ముంచాను. ఒక చేత్తో ఆమె తల ఎత్తి, రెండో చేతిలో మిగిలిన నీళ్లు నోట్లో పోశాను. గొంతు కదిలింది. చాలలేదేమోనని మళ్లీ పోశాను.

పంతులు బండి తోలించుకుని వచ్చేసరికి నేను ఏడుస్తున్నాను. ఆ ఏడుపు నాకు ఎంత సులువుగా వచ్చిందో! "పానం పోతాందనుకున్న సారూ, భయమై నీళ్లు పోసిన" అన్నాను. ఆయన బరిక ఎత్తాడు గానీ కొట్టలేక దించేశాడు.

గుడిలో ఫాదర్ బిక్షమ్మను పక్కకు పిలిచి అడిగాడు. "నీళ్లు మింగినావా, అమ్మాయీ?"

'మింగలేదు' అంటే సరిపోయేది. నీళ్లు పోసినప్పుడు తనకు తెలివి లేదన్నా ఆయన ఇంకోసారి ఆలోచించేవాడేమో.

"మింగిన, ఫాదర్" అంది బిక్షమ్మ.

ఫాదర్ చెడ్డవాడు కాదు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కానీ నియమం నియమమే. మళ్లీ మూడు నెలలకు వచ్చినప్పుడు ఇస్తానన్నాడు. బోర్డింగు జాబితా ఆ సాయంత్రమే పోవాలి, అందులో ఇక నా పేరే. నా నెత్తిన చేయి పెట్టి, దప్పికగొన్న వాళ్లకు నీళ్లిచ్చిన పిల్లను దేవుడు మరువడని అందరి ముందూ చెప్పాడు. పాపంతో ప్రసాదం తీసుకుంటే నాలుక నల్లబడుతుందని పంతులు మమ్మల్ని బెదిరించేవాడు. నేను తీసుకున్నాను. నాలుకకు ఏమీ కాలేదు. దేవుడి మీద నాకు మొదటి అనుమానం అప్పుడే వచ్చింది.

బిక్షమ్మ తల్లి పుల్లమ్మ మా ఇంటికి నాలుగు కోడిగుడ్లు తెచ్చింది. నా బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. "నా బిడ్డ పానం నిలబెట్టినవ్. గడీకి పోతే పోయింది, బతికైతే ఉన్నది" అంది. మా అమ్మ ఆ గుడ్లు ఉడకబెట్టి ప్రయాణానికి మూటగట్టింది. దారిలో తిన్నాను కూడా.

నల్గొండ పోయే బండి గడీ పక్క నుంచే పోవాలి. బిక్షమ్మ పేడతట్ట నెత్తిన పెట్టుకుని కొట్టం నుంచి వస్తోంది. వారం రోజులకే మెడ వంగిపోయింది. నేను బండి ఆపించి దిగాను. ఎందుకు దిగానో తెలియదు. నా పాపాన్ని ఫాదర్‌కు చెప్పుకోలేకపోయాను, ఆమెకైనా చెప్పుకుంటే బరువు తీరుతుందనుకున్నానేమో.

"బిక్షమ్మా, ఆ రోజు నీకు తెలివొచ్చినంకనే నీళ్లు పోసిన. కావాలనే పోసిన" అన్నాను.

"నాకెర్కే" అంది. "కండ్లు తెరిచి సూసిన గద. ఉమ్మెయ్యొచ్చు. దూపకు ఆగలేకపోయిన, మింగిన."

"మరి ఫాదర్‌కు నా సంగతి ఎందుకు చెప్పలే?" అన్నాను.

"చెప్తే నిన్ను గూడ ఆపుతుండె. సీటు ఇంకో ఊరోళ్లకు పోతుండె. ఇద్దరం గీ కొట్టంలనే ఉంటుంటిమి." తట్టలోంచి పేడనీళ్లు ఆమె చెంప మీదికి కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. "నీ మీద జాలి పడిన అనుకోకు. మా అమ్మ నిన్ను దేవత అంటాంది, ఇంటుంటె కడుపు రగులుతాంది. మళ్ల నాకు కనపడకు."

బండివాడు కేకేశాడు. నేను ఎక్కి కూర్చున్నాను. ఆమె చెప్పినట్టే మళ్లీ కనపడలేదు. నాలుగేళ్లకు ఆమె చనిపోయిందని ఉత్తరం వచ్చినప్పుడు కూడా, పరీక్షలున్నాయని రాసి బోర్డింగులోనే ఉండిపోయాను. నిజానికి ఆ నెలలో పరీక్షలు లేవు.