దారిలో ఉన్నాడు

కుర్చీలోని దిండును దులిపి, పల్లం పడిన వైపే పైకి వేసుకుని కూర్చున్నాక, ఆయన నిన్న రాసిన సూచనను తెరమీద చెరిపివేశాడు. మర్యాదగా మాట్లాడమని రాస్తే, తన బదులు జవాబులివ్వాల్సిన కంప్యూటర్ చాట్ ఏజెంట్ ప్రతి వాక్యానికీ ముందు క్షమాపణ చెప్పింది. క్లుప్తంగా మాట్లాడమని చేరిస్తే, వాషింగ్ మెషీన్‌లోంచి పొగ వస్తోందన్న ఆవిడకు "సరే" అని ఊరుకుంది.

వాషింగ్ మెషీన్లు బాగుచేసే ఆ దుకాణంలో ఫిర్యాదులకు జవాబివ్వడం ఆయన పని. చెవి వెనుక పెన్ను, మోచేతుల దగ్గర నునుపెక్కిన చొక్కా, ఎవరు ఏమన్నా కోపం నిలవని ముఖం. ఈ రోజుతో పదవీ విరమణ. ఏజెంట్ సాయంత్రానికి కుదురుకోకపోతే మరో ఏడాది ఆయనే ఉండాలని యజమానురాలు తేల్చేసింది. ఆయనకు భార్యతో నాలుగు ఊళ్లు తిరగాలని ఉంది. తాను లేనిదే దుకాణం నడవదని అనిపించుకోవాలనీ ఉంది. వీటిలో ఏది అసలు కోరికో తేల్చుకోకుండానే ప్రయోగాలు సాగిస్తున్నాడు.

మెకానిక్‌లు ఆయనను "దారిలో బాబాయ్" అంటారు. మెకానిక్ ఎదురుగా టీ తాగుతున్నా సరే, ఫోన్ చేసినవారితో "బయలుదేరాడండీ, దారిలో ఉన్నాడు" అనడం ఆయన పద్ధతి. అది అబద్ధమని ఆయనకు ఎన్నడూ తోచలేదు; కంగారుపడే మనిషికి అందించే గ్లాసెడు మంచినీళ్లనుకున్నాడు.

సూచనలతో విసిగి, ఈ రోజు రికార్డయిన తన పాత ఫోన్ సంభాషణలన్నీ ఏజెంట్ ముందు కుమ్మరించి, తనలాగే మాట్లాడమన్నాడు. అది శ్రద్ధగా నేర్చుకుంది. గొట్టం ధర అడిగినవారికి మెకానిక్ బయలుదేరాడని చెప్పింది. దుకాణానికి సెలవెప్పుడని అడిగినవారికి దారిలో ఉన్నాడంది. మెషీన్ బాగా తిరుగుతోందని మెచ్చుకున్నవారికీ అదే. మధ్యాహ్నానికి వీధి వీధికీ ఒకరు గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తున్నారు.

లావుపాటి మెకానిక్ ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"బాబాయ్, నేనింకా చెయ్యి కూడా కడుక్కోలేదు. ఇంతమంది ఇళ్లకి ఎప్పుడు బయలుదేరాను?"

"నన్నడుగుతావేంట్రా? అదే చెప్పింది."

"అది ఎవరి దగ్గర నేర్చుకుంది మరి?"

ఆయన నవ్వబోయి ఆగాడు. తెరమీద తన మాటే వరుసగా నిలబడి ఉంది. ఓదార్పు తన గొంతులో ఉండేదేమో. గొంతు తీసేస్తే అబద్ధం ఒక్కటే మిగిలింది.

అంతలో భార్య ఫోన్ చేసింది. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానని పొద్దున ఆవిడకు మాటిచ్చాడు.

"ఎక్కడిదాకా వచ్చారు?"

"దారిలో ఉన్నాను."

"కుర్చీ కిర్రుమనడం ఇక్కడికి వినిపిస్తోంది లెండి."

పాత సంభాషణలన్నీ తీసేశాడు. మెకానిక్‌లు తమ రాకపోకలు నమోదు చేసే పట్టికను ఏజెంట్‌కు జతచేసి, ఒకే నియమం రాశాడు: పట్టికలో మనిషి తానే "బయలుదేరాను" అని పెడితేనే బయలుదేరాడు, దారిలో ఉన్నాడని చెప్పు, లేకుంటే లేదని చెప్పు. తర్వాత తానే ఖాతాదారుగా మారి, దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు.

"ఇంకా బయలుదేరలేదండి. బయలుదేరగానే మీకు చెప్తాను," అంది ఏజెంట్.

ఆయనకు కోపం వచ్చింది. కాసేపటికి, ఎదురుచూడక్కర్లేదని తెలిసిన మనిషిలా లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాడు.

యజమానురాలు తానూ కొన్ని ప్రశ్నలు వేసి చూసి, తల ఊపింది. ఆ ఊపడం ఇంకొంచెం ఆలస్యమైతే బాగుండునని ఆయనకు అనిపించింది.

వీడ్కోలు మాటలు అయ్యాయి. చెప్పులు వేసుకున్నవాడల్లా వెనక్కి వచ్చి, కూర్చోకుండానే ఆ పట్టికలో మెకానిక్‌ల కింద మరో వరుస చేర్చాడు. "జవాబులిచ్చే ఆయన: బయలుదేరాను." వెళ్లిపోయాడు.

దీపాలు ఆర్పే వేళకు, నెలకోసారైనా ఫిర్యాదు చేసే ఒకావిడ రాసింది. "ఎప్పుడూ జవాబులిచ్చే ఆయన ఏరీ?"

ఏజెంట్ పట్టిక చూసుకుంది.

"బయలుదేరారండీ, దారిలో ఉన్నారు."

తెర వెలుగు కుర్చీ మీద పడింది. అందులో దిండు, పల్లం పడిన వైపే పైకి ఉంది.