ఐదు ముడుల దారం

కిటికీ ఊచకు ఒక దారం.

తెల్లది. తడిది. పొద్దుటి ఎండలో మెల్లగా ఆరుతోంది...

దారానికి ఐదు ముడులు. గాలి వచ్చినప్పుడల్లా ముడుల నీడలు గోడ మీద ఊగుతాయి. ఐదు చిన్న గింజల్లా.

చిత్రకారుడు ఏడాదికోసారి దారం మారుస్తాడు. పాతదాన్నీ కొత్తదాన్నీ బల్ల మీద పక్కపక్కన పరుస్తాడు. ముడికి ఎదురుగా ముడి వేస్తాడు. సాగకుండా నీళ్ళలో ముంచి, ఊచకు కట్టి ఆరబెడతాడు.

దారం మారుతుంది. ముడులు మారవు.

ఆయన వేసేది ఫొటో లేనివాళ్ళ బొమ్మలు. పోయినవాళ్ళవి. ఒక్క ఫొటో అయినా దిగకుండా పోయినవాళ్ళవి.

వాళ్ళ కొడుకులు వస్తారు. కూతుళ్ళు వస్తారు. గోడ పక్క ముక్కాలిపీట మీద కూర్చుంటారు. ఆయన మాటలు పొదుపు.

"పాపిడి?"

"పుట్టుమచ్చ?"

"నవ్వితే సొట్ట ఏ బుగ్గకి?"

వాళ్ళు చెబుతారు. చెబుతూ చెబుతూ ఏడుస్తారు. ఆయన పెన్సిలు ఆపి, ఏడుపు అయ్యేదాకా ఆగుతాడు. మళ్ళీ అడుగుతాడు.

అన్నీ గుర్తుంటాయి వాళ్ళకి. చెవి వెనక మచ్చ, ముందుపళ్ళ సందు, జ్వరం వచ్చినప్పటి మొహం... అన్నీ.

రెండు కళ్ళ మధ్య ఎడం మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ప్రాణం పెట్టి ప్రేమించినవాళ్ళకైనా గుర్తుండదు.

అక్కడ ఆయన దారం తీస్తాడు. ఈ కన్ను చివర ఒక ముడి, మొదట ఒక ముడి. ఆ కన్ను మొదట ఒకటి, చివర ఒకటి. నాలుగో ముడి కింది పెదవి మీద పెడితే, ఐదోది గడ్డం అంచు. మనిషి మొహమంత కాగితం మీద ఆరు చుక్కలు.

"నా సొంతం ఏమీ వేయను," అనేవాడు, ఎప్పుడైనా నోరు విప్పితే. "మీరు చెప్పింది సగం. దారం చెప్పింది సగం."

అది గురువుగారి దారం అనేవాడు. మనిషి మొహానికి అదే సరైన కొలత అనేవాడు.

నలభై ఆరేళ్ళు అన్నాడు.

మనవరాలు బొమ్మల కాలేజీలో చదువుతోంది. ఒక చిత్రకారుణ్ణి ఎంచుకోండి, అతను ఎలా పనిచేస్తాడో వెతికి రాయండి అన్నారట అక్కడ. ఆ పిల్ల దూరం పోలేదు. తాతనే ఎంచుకుంది.

నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకుంది — మా తాత తనని తాను బొమ్మలోకి రానివ్వడు.

కింద గీత కూడా గీసింది.

తర్వాత ఇల్లిల్లూ తిరిగింది. గోడల మీది బొమ్మలు బతిమాలి అడిగి తెచ్చింది. నలభై. నలభై ఒకటోది వాళ్ళ వంటగది గోడ మీదే ఉంది. నానమ్మది. పెళ్ళయిన కొత్తలో తాత వేసింది.

కాలేజీ పొడుగు గదిలో అన్నింటినీ ఒకే వరసలో, ఒకే ఎత్తులో వేలాడదీసింది.

జనం రాకముందే తాతనీ నానమ్మనీ రమ్మంది.

ఆయన గడప దాటాడు.

ఆగిపోయాడు.

ఏ బొమ్మకి ఆ బొమ్మ, రంగు ఆరగానే ఇల్లు చేరిపోయేది. రెండు బొమ్మల్ని పక్కపక్కన ఆయన ఏనాడూ చూడలేదు.

నలభై ఒక్కమంది. ముసలివాళ్ళు, పడుచువాళ్ళు, మీసాలవాళ్ళు, బోసినోటివాళ్ళు.

అందరూ ఆయన్నే చూస్తున్నారు.

ఒకేలా చూస్తున్నారు.

ఆలస్యంగా ఇంటికొచ్చిన తమ్ముణ్ణి చూసినట్టు... అలా చూస్తున్నారు.

మనవరాలు నవ్వడం లేదు. ఆమె చేతిలో పల్చటి నూనెకాగితం. మొదటి బొమ్మ మీద పెట్టి కళ్ళు గీసుకున్న కాగితం. దాన్ని రెండో బొమ్మ మీద పెట్టింది. సరిపోయింది. పదో బొమ్మ మీద పెట్టింది. సరిపోయింది. మీసాల మనిషి మీద పెట్టింది.

సరిపోయింది.

"తాతా," అంది మెల్లగా. "మీ గురువుగారు కూడా దారంతోనే కొలిచేవారా?"

అవునని చెప్పడానికి నోరు తెరిచాడు.

గురువుగారి చెయ్యి గుర్తొచ్చింది. నల్లటి గోళ్ళు. వంకర బొటనవేలు. ఆ వేళ్ళ మధ్య —

చెక్కబద్ద.

దారం కాదు. ఎప్పుడూ దారం కాదు. చెక్కబద్ద.

మరి దారం?

నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

అక్క.

అక్క చొక్కాలకు గుండీలు కుట్టేది. మూడో తరగతితో బడి మానేసిన తమ్ముడికి సూదిలో దారం ఎక్కించడం పని. ఒక వానాకాలం అక్కకి జ్వరం. చాప మీద పడుకుంది. బంకమట్టితో నీ మొహం చేస్తానే అన్నాడు తమ్ముడు. కుట్టుదారం తీసి ఆమె కళ్ళ మీద అడ్డంగా పట్టాడు. ముడి వేశాడు. మళ్ళీ పట్టాడు. ముడి వేశాడు.

"చక్కిలిగిలి పెట్టకురా," అంది అక్క.

ఆ వారమే పోయింది.

మట్టి ఎండిపోయింది. మొహం కాలేదు.

దారం మిగిలింది.

ఆ తర్వాత అక్క మొహం ఎంత వెతికినా దొరకలేదు. ఊరందరి బొమ్మలూ వేశావు, మీ అక్కది ఒక్కటి వేసుకోకూడదా అని భార్య ఎన్నిసార్లు అడిగిందో. గుర్తులేదు అనేవాడు. గుర్తులేదు, వదిలెయ్ అనేవాడు.

నలభై ఒక్కసార్లు వేశాడు.

వచ్చినవాళ్ళకి చెప్పి వేశాడు, మీవాళ్ళే అని.

వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. ఖాకీ చొక్కా. భుజాన తోలుసంచి. బస్సు కండక్టరమ్మ. వరసలో ఏడో బొమ్మ వాళ్ళ అమ్మది. డ్యూటీ ఎక్కేముందు ఒకసారి చూసుకుందామని వచ్చింది.

ఊరికే రాలేదు.

"పెద్దాయనా, బీరువా సొరుగు వెనకాల దొరికింది," అంటూ చెయ్యి చాపింది.

మిల్లు గుర్తింపు కార్డు. మూల తడిసి ఉబ్బింది. గోరంత ఫొటో. ఉందనే ఎవరికీ తెలియని ఫొటో.

అందులో ఆడమనిషి కళ్ళు దగ్గర దగ్గరగా ఉన్నాయి. గడ్డం పొడుగు.

చిత్రకారుడు కార్డు చూశాడు. ఏడో బొమ్మ చూశాడు. గోడ పట్టుకున్నాడు.

"ఇరవై రెండేళ్ళు, పొద్దున్నే డ్యూటీకెళ్తూ వెళ్ళొస్తానమ్మా అని చెప్పి వెళ్ళేదాన్ని," అంది కండక్టరమ్మ. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఎవరికి చెప్పానండీ?"

ఆయన కార్డుని మళ్ళీ కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"అది కూడా పోనీండి. ఈ కార్డు చూస్తే... మా అమ్మే పరాయిదానిలా ఉంది."

గదిలో ఎవరూ కదల్లేదు.

నలభై ఒక్క జతల కళ్ళు కూడా కదల్లేదు.

భార్య వరస చివరికి నడిచింది. తన బొమ్మ ముందు నిలబడింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"అప్పుడే అనుకున్నా, నాకంటే బాగుందే అని," అంది. "బాగుండదూ మరి. అది నేను కాదుగా!"

నవ్వబోయింది. నవ్వు సగంలో విరిగింది.

"ఏవండీ, నేను ఎదురుగా కూర్చున్నాగా ఆ రోజు. పొద్దున్నించి మెడ తిప్పకుండా కూర్చున్నా. నాక్కూడా దారమేనా?"

ఆయన తల దించుకున్నాడు.

మనవరాలు నోటుపుస్తకం తెరిచింది. మొదటి పేజీలోని వాక్యాన్ని కొట్టేసింది. దాని చోట ఏం రాయాలో తెలియక పెన్ను గాల్లోనే పట్టుకుంది.

మర్నాడు పొద్దున చిత్రకారుడు దారాన్ని జేబులోంచి తీసి కిటికీ ఊచకు కట్టేశాడు. గట్టిగా. రెండు ముళ్ళు వేసి.

కండక్టరమ్మ ముక్కాలిపీట మీద కూర్చుంది. సెలవు పెట్టి వచ్చింది.

"మళ్ళీ వేస్తానమ్మా. మీ అమ్మనే వేస్తాను," అన్నాడు. ఆయన అంత పొడుగు మాట ఆడి చాలా రోజులైంది.

కార్డు ఎదురుగా పెట్టుకున్నాడు. జుట్టు వేశాడు. పాపిడి వేశాడు. చెంప వేశాడు, కార్డులో ఉన్నట్టే, సన్నగా.

కళ్ళ దగ్గరికొచ్చేసరికి చెయ్యి తనంతట తానే పక్కకి జరిగింది. ఎడంగా. అలవాటైన చోటికి.

లాక్కున్నాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జరిగింది.

తన చేతిని తనే చూసుకున్నాడు, ఎవరి చెయ్యో అన్నట్టు.

భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

"నా చెయ్యి నమ్మను," అన్నాడు. "కార్డునీ నమ్మను, గోరంత ఉంది. నువ్వు చెప్పమ్మా. కళ్ళు మూసుకో. అమ్మని తలుచుకో. రెండు కళ్ళ మధ్య ఎంత?"

కండక్టరమ్మ కళ్ళు మూసుకుంది. చాలాసేపు. పెదవులు కదిలాయి, వెళ్ళొస్తానమ్మా అన్నట్టు.

తర్వాత రెండు వేళ్ళు పైకెత్తింది. గాల్లో ఎడం చూపించింది.

"ఇంత."

చిత్రకారుడు ఆ వేళ్ళ వైపు చూశాడు.

ఆ ఎడం ఆయనకి తెలుసు. కళ్ళు మూసుకున్నా తెలుసు.

పెన్సిలు కాగితం మీద ఆగింది. కాగితం మీద కళ్ళు ఉండాల్సిన చోటు తెల్లగా ఉంది...

కిటికీలోంచి గాలి వచ్చింది. ఊచకు కట్టిన దారం ఊగింది. ఎండ ముడుల నీడల్ని తెచ్చి ఆ తెల్లటి చోట పడేసింది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు.

ఊగుతున్నాయి — ఐదు చిన్న గింజల్లా.