సేవ పొందినవారి సంతకం

ఆదివారం పొద్దున్న మా ఆయన సమాజసేవకి వేసుకెళ్లే టీషర్టు ఇస్త్రీ చేసేది నేను. చెరువు గట్టు మీద చెత్త ఏరడానికి ఇస్త్రీ ఎందుకండీ అని ఓసారి అడిగాను. "ఫొటోలు తీస్తారు కదా" అన్నారు. అదీ నిజమే. ఆ ఫొటోలు సోమవారం నా టేబుల్ మీదికే వస్తాయి. ఇద్దరం ఒకే కంపెనీలో పనిచేస్తాం. ఆయనది కొనుగోళ్ల విభాగం. నేను సామాజిక బాధ్యత విభాగంలో తొమ్మిదేళ్లుగా అసిస్టెంటుని. ఎవరు ఎన్ని గంటలు సేవ చేశారో పట్టిక వేసి, ఫొటోలు అతికించి, వేరే దేశంలో ఉన్న హెడ్డాఫీసుకి పంపడం నా పని. పట్టికలో మా ఆయన పేరు ఎప్పుడూ పైనే ఉంటుంది. పోయినేడాది డెబ్బై రెండు గంటలు. నా పేరు పక్కన సున్నా.

ఆయన చెరువు దగ్గరున్నంతసేపూ నేను మా అత్తగారి గదిలో ఉంటాను. ఆవిడ స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుని మూడేళ్లయింది. ఆఫీసు వేళల్లో ఆయా ఉంటుంది; మిగతా వేళలన్నిట్లో మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి నా భుజమే ఆసరా. వీపు పుళ్లు పడకుండా పక్కకి తిప్పాలి, పౌడరు చల్లాలి, దుప్పట్లు మార్చాలి. ఆదివారం తలస్నానం. నేను తల రుద్దుతుంటే ఆవిడ "మావాడికి లోకం మీద ఎంత ప్రేమో" అనేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఆ లోకంలో ఈ గది లేదా అని నోటిదాకా వచ్చేది. ఆవిడ కళ్లలో సబ్బు పడకుండా చూసే హడావుడిలో ఆ మాట మింగేసేదాన్ని.

ఈ ఏడు మా విభాగంలో ఆఫీసరు పోస్టు ఖాళీ అయింది. మేనేజరు పిలిచి, కూర్చోమనకుండానే చెప్పారు. "రిపోర్టులు మీలాగ ఎవరూ రాయలేరమ్మా, ఒప్పుకుంటాను. కానీ ఆఫీసరు కావాలంటే ఏడాదికి అరవై సేవ గంటలుండాలి. మీది గుండుసున్నా. సామాజిక బాధ్యత ఆఫీసరుకే సమాజం పట్టదంటే హెడ్డాఫీసు వాళ్లు నవ్వరూ?" పక్కన నిలబడ్డ అకౌంట్స్ ఆయన అప్పుడే నవ్వేశాడు. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా, నెలకో ఆదివారం వచ్చి నాలుగు మొక్కలు నాటమని. నీకే తీరిక లేదు" అన్నారు. ఆ తీరిక ఎక్కడికి పోతోందో ఆయనకి నిజంగానే తెలియదు. నాకు అదే ఎక్కువ బాధ.

మర్నాడు నెలవారీ వీడియో కాల్ ఉంది. ఇంకో దేశపు శాఖలో నా పనే చేసే ఎర్ర కళ్లజోడావిడని ఉండబట్టలేక అడిగాను, మీకు గంటలు అన్నేసి ఎలా వస్తాయమ్మా, మీ దగ్గర చెరువులు ఎక్కువా అని. ఆవిడ నవ్వి వాళ్ల జాబితా చూపించింది. చెట్లు మూడో వరసలో ఉన్నాయి. మొదటి వరసలో మంచాన పడ్డవాళ్ల సంరక్షణ, ఇంట్లోవాళ్లయినా సరే. "నువ్వు చెయ్యకపోతే ఇంకెవరో చెయ్యాల్సిందే కదా. మరి అది సమాజానికి చేసినట్టు కాదా? కాదని ఎవరన్నారు?" అంది.

ఎవరన్నారో వెతికాను. హెడ్డాఫీసు నియమాల పుస్తకం పద్నాలుగో పేజీలో ఉంది. సేవ అంటే జీతం తీసుకోకుండా మరొకరి అవసరానికి చేసే పని. అందులోకి ఏ పనులు వస్తాయో ప్రతి దేశంలోనూ ఆ శాఖ తన ఉద్యోగులందరినీ అడిగి జాబితా వేసుకోవాలి. మా జాబితా ఆరేళ్ల కిందట మేనేజరూ ఇంకో నలుగురు మగవాళ్లూ టీ తాగుతూ వేశారు. చెరువు, మొక్కలు, బడిపిల్లలకి సంచులు. టైపు చేసింది నేనే. నన్నూ అడగాలి కదా అని నాకే తోచలేదు. సిగ్గేసింది. తర్వాత కోపం వచ్చింది, ఆ కోపమే పనికొచ్చింది.

ఫారం తీశాను. చేసిన పని, తేదీలు, గంటలు రాయడం ఎంతసేపు? అడుగున ఒక గడి ఉంది: సేవ పొందినవారి సంతకం. చెరువు సంతకం పెట్టదు కాబట్టి మా ఆయన ఫారాల్లో దాని తరఫున మేనేజరే పెడతారు. నాకు మాత్రం అత్తగారు పెట్టాలి. పద్దెనిమిదేళ్లుగా "కోడలన్నాక ఆ మాత్రం చెయ్యదా" అంటున్న మనిషి. గడువు శుక్రవారం. గురువారం సాయంత్రం దాకా ఆ కాగితం నా హ్యాండుబ్యాగులోనే ఉంది.

ఆ సాయంత్రం ఆవిడ గదిలో ధైర్యం చేసి బయటికి తీస్తే, ముందు మా ఆయన చూశారు.

"అమ్మకి చేసింది కూడా రాసుకుంటారా ఎవరైనా? అది మన ధర్మం."

"మన ధర్మంలో మీ వాటా ఎంతండీ?" అన్నాను. గొంతు పెంచలేదు.

అత్తగారు చెయ్యి చాపింది. "ఏం కాగితమది? ఇలా తే. కళ్లజోడు కూడా ఇవ్వు."

అక్షరం అక్షరం చదివింది. ఆవిడ కాదంటే పోస్టు పోవడం ఒక్కటే కాదు, తెల్లారి ఈ గదిలోకి ఏ మొహం పెట్టుకుని రావాలి, ఆవిణ్ణి ఏ చేతులతో లేపాలి?

"రోజుకి మూడు గంటలని రాశావేమే?"

"ఎక్కువైందా అత్తయ్యా?"

"రాత్రిళ్లు రెండేసిసార్లు లేచేదెవరు, మీ ఆయనా? ఐదు చెయ్యి. అబద్ధం మీద నేను సంతకం పెట్టను."

మా ఆయన "అది కాదమ్మా" అని ఏదో అనబోయారు.

"మీ నానమ్మకి నేను పన్నెండేళ్లు చేశానురా" అంది ఆవిడ, కాగితం మీంచి తలెత్తకుండా. "ఆవిడ పోయిననాడు వచ్చినవాళ్లంతా మీ నాన్నని మెచ్చుకున్నారు, తల్లిని కంటికి రెప్పలా చూసుకున్నాడని. నాకు ఇలాంటి కాగితం ఎవరూ ఇవ్వలేదు."

గడి దాటిపోయేంత పెద్దగా సంతకం పెట్టింది. నాకు ఏడుపు ఆగలేదు. "కాగితం తడుస్తుంది, అవతలికి పో" అంది.

శుక్రవారం మేనేజరు ఫారం చూసి "ఇంటిపనిని కూడా..." అని మొదలుపెట్టారు. పద్నాలుగో పేజీ సార్ అన్నాను. చదివి, సరే హెడ్డాఫీసుకే రాద్దాం, వాళ్లే కాదంటారులే అన్నారు. ఆ ఉత్తరం కూడా నాచేతే రాయించారు. చాలా బాగా రాశాను.

వారానికల్లా జవాబొచ్చింది. అభ్యంతరం లేదు, ఉద్యోగులని అడక్కుండా జాబితా ఎలా వేశారో వివరణ ఇవ్వండి, అందరి దగ్గరా కొత్తగా ఫారాలు తీసుకోండి అని. వచ్చిన ఫారాలు చదువుతూ నేను పని చెయ్యలేకపోయాను. రిసెప్షన్ అమ్మాయికి నడవలేని చెల్లెలు ఉంది. క్యాంటీన్లో గిన్నెలు కడిగే ఆవిడ పక్కింటి ముసలాయనకి ఏడేళ్లుగా అన్నం పెడుతోంది. కంపెనీ డ్రైవరు రోజూ భార్యకి జడ వేసి, మందులు వేసి డ్యూటీకొస్తాడు. ఇచ్చేముందు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు పాపం. సేవ గంటల్లో అన్ని శాఖల కన్నా అడుగునుండే మా శాఖ మూడో స్థానానికి ఎక్కింది. మేనేజరు మీటింగు పెట్టి కుటుంబ విలువల మీద ఉపన్యాసం దంచారు. దంచుకోనీ అనుకున్నాను. ఆఫీసరు ఆర్డరు నా చేతిలో ఉంది.

మొదటి సర్క్యులర్ నేనే రాసి నేనే సంతకం పెట్టాను. సేవ పొందినవాళ్ల తరఫున ఇంకెవరూ సంతకం చెయ్యకూడదని, పాత ఫారాలకి కూడా అదే వర్తిస్తుందని. మా ఆయన చెరువు గట్టు మీద కాపురముండేవాళ్లని వెళ్లి సంతకాలు అడిగారు. ఫొటోలయ్యాక చెత్తసంచులు మా గుమ్మాల్లోనే వదిలేసి పోతున్నారు, మేం పెట్టం అన్నారట. ఆయన పేరు పక్కన సున్నా వెయ్యాల్సింది నేనే. వేశాను.

ఆ ఆదివారం నేను చెప్పులు తొడుక్కుంటుంటే, ఆయన ఫారం పట్టుకుని తల్లి గదిలోకి వెళ్లారు.

"అమ్మా, ఇక్కడో సంతకం పెట్టవూ?"

"నువ్వేం చేశావని?"

"ఇకమీదట చేస్తాగా."

"అయితే ముందు నీళ్లు తోడు, గోరువెచ్చగా ఉండాలి" అంది అత్తగారు. "దాన్ని పిలవకు. ఆఫీసరుగారు ఆదివారాలు దొరకరు."