ఆరబెట్టే షికారు

"కారు పని నేను చూసుకుంటాలే గానీ, నువ్వు లోపల ఆ సీట్లవీ కాస్త తుడిచి పడెయ్" అన్నాడు భర్త, మెరుగు పెట్టే మైనం డబ్బా మూత తీస్తూ.

కాస్తట. ఆమెకు నవ్వొచ్చింది. మామగారు వదిలి వెళ్లిన ఆ పాత కారులో సీట్ల నుంచి పైకప్పు దాకా అంతా బూడిద రంగు ఉన్ని గుడ్డే. అది వయసులో ఆమె భర్తకంటే పెద్దది, ఆయనకంటే త్వరగా నొచ్చుకుంటుంది. నీళ్లు పోస్తే చారలు కడుతుంది, గట్టిగా రుద్దితే నూగు రాలుస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో సబ్బు పొడి వేసి గిలక్కొట్టి, పైన తేలిన నురగ మాత్రమే మెత్తటి బ్రష్షుతో తీసుకోవాలి. నూగు ఎటు వాలి ఉంటే అటే దువ్వాలి. పైకప్పుకు అదీ పనికిరాదు, గట్టిగా పిండిన తెల్లగుడ్డతో అద్దాలి, అంతే. తడి ఎక్కువైతే జిగురు వదిలేసి గుడ్డ నెత్తిమీదకు వేలాడుతుంది. ఈ విద్య అత్తగారిది. మోకాళ్లు మొరాయించేదాకా ఆవిడే చేసింది. తర్వాత బ్రష్షు కోడలి చేతికొచ్చింది. తాళంచెవి మాత్రం కొడుకు చేతికి వెళ్లింది.

నిరుడు పాత కార్ల ప్రదర్శనలో బహుమతి వచ్చింది ఆ లోపలి గుడ్డకే. "ఇంత బాగా ఎలా ఉంచారండీ?" అని మైకు పెడితే, "ఏముందండీ, ఓపికుండాలి" అన్నాడు ఆయన. ఆ ఓపిక పక్కనే నిలబడి చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చాక ఆయన ముందు కంచం కాస్త చప్పుడయ్యేలా పెట్టింది గానీ ఆయనకు వినపడలేదు.

అయినా ఆమె అసలు కడుపుమంట బహుమతి గురించి కాదు, ఆరబెట్టడం గురించి. ఉన్ని గుడ్డను ఎండలో వదిలేస్తే వెలిసిపోతుంది, షెడ్డులో మూసేస్తే ముక్కిపోయిన వాసన వేస్తుంది. అద్దాలన్నీ దించి, గాలి ఆడేలా కారును ఊరంతా తిప్పుకు రావాలి. తడపడం ఆమె పని, తిప్పడం ఆయన పని. ఆయన కూర్చునే వేళకు పొడిగా ఉండాలని ముందు సీటు పొద్దున్నే చేసేస్తుంది కూడా. "ఎప్పుడొస్తారు?" అంటే "ఆరాక" అని వెళ్లిపోతాడు. గుడ్డ ఎప్పుడో ఆరిపోతుంది, ఆయన మాత్రం పొద్దుగూకాక వస్తాడు. ఆలోగా ఆమె బ్రష్షులూ గుడ్డలూ ఉతుక్కుంటుంది.

"ఒక్కసారి నేను తిప్పుకొస్తానండీ" అంటే, "నీకు చిన్న కారుందిగా. దీనికి చెయ్యి తిరగాలి" అంటాడు. తిరక్కేం? షెడ్డులోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి షెడ్డులోకి ఇన్నేళ్లుగా నడుపుతున్నది ఆమే. మొదటి గేరు తెలుసు, రివర్సు తెలుసు. రెండో గేరు వేసేంత చోటు వాకిట్లో లేదు. ఆ రెండో గేరు మీదే ఆమె ప్రాణమంతా.

మళ్లీ ప్రదర్శన రేపే. మధ్యాహ్నానికి వెనక సీటు ఆఖరి మూల దువ్వి ఆమె నడుము నిటారు చేసేసరికి, భర్త బయట మెరుగు ముగించి, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ వచ్చాడు. హుషారులో చేతులు ప్యాంటుకే తుడుచుకున్నట్టున్నాడు, ముందూ వెనకా మైనమే. తలుపు తీసి కాలు లోపల పెట్టబోయాడు.

"ఆగండి. ఆ ప్యాంటుతో కూర్చుంటే మైనం ఉన్నిలోకి ఇంకిపోతుంది. రేపు బహుమతి మాట మర్చిపోవాల్సిందే."

"మార్చుకొస్తానుండు."

"చేతులకుంది, మెడకుంది, జుట్టుకీ ఉంది. అది వదిలేలా స్నానం చేసొచ్చేసరికి వెనక గుడ్డ చారలు కట్టేస్తుంది."

అబద్ధమేం కాదు. కాస్త సాగదీసింది, అంతే. ఆపైన చెయ్యి చాపింది. ఆయన ఆ చెయ్యిని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

వరండాలోంచి అత్తగారు కర్ర పట్టుకుని లేచింది. "ఇచ్చెయ్యరా. గుడ్డ పాడైతే నేనూరుకోను. నేనూ వెళ్తాలే తోడు."

"నువ్వెక్కడ కూర్చుంటావమ్మా? వెనక తడిగా ఉంది."

ఆ ఇంటి ఆడవాళ్లు ఎప్పుడూ వెనకే కూర్చున్నారు.

"అవును కదా. అయితే ముందే కూర్చుంటా" అంది అత్తగారు. కూర్చుని, అరచేత్తో సీటు తడిమింది. "ఇంత మెత్తగా ఉంటుందా ఇది. ఇన్నాళ్లూ తుడిచాను గానీ తెలీలేదే."

కారు మొదటి గేరులో గేటు దాటుతుంటే భర్త పక్కనే నడిచొచ్చాడు. "మరి నేనేం చెయ్యను?"

"బ్రష్షులు బకెట్లో ఉన్నాయండీ. తెల్లగుడ్డలు విడిగా ఉతకండి."

"ఎప్పుడొస్తారు?"

"ఆరాక" అంది అత్తగారు, అద్దం దించుతూ.

మలుపు తిరగ్గానే రోడ్డు ఖాళీగా, పొడుగ్గా కనిపించింది. ఆమె క్లచ్ తొక్కి రెండో గేరు వేసింది. కారు గొంతు మార్చుకుని హాయిగా సాగింది. గాలి లోపలికొచ్చి తడి ఉన్ని వాసన రేపింది. ఆమె గట్టిగా నవ్వేసింది.

"ఏమైందే?"

"రెండో గేరు పడిందత్తయ్యా."

అత్తగారు గేరు రాడ్డు వంక చూసింది.

"ఇంకోటుందా?"

"ఉంది."

"మరి వెయ్యి."