నీళ్ళు పడ్డప్పటి రంగు

ఎరుపు.

మొదట పండిన టమాటా ఎరుపు. తర్వాత నారింజ. ఆ తర్వాత ఎండిన మొక్కజొన్న గింజ పసుపు — అక్కడ ఆపాలి. అక్కడ ఆపి వంచాలి.

కాలే ఇనుము రంగులు చూడాలంటే చీకటి కావాలి. అందుకే ఆరిన్ పట్టపగలే షెడ్డు తలుపు మూసేవాడు. రేకుల కప్పు కింద ఆగస్టు ఎండ ఉడికేది. తలుపు సందులోంచి ఒక్కటే వెలుతురు గీత. గీతకి అవతల కాలిఫోర్నియా అంతా తెల్లగా మండుతూ... ఇవతల ఒక గ్యాసు మంట, మొగుడూ పెళ్ళాం, కాలిన ఇనుము వాసన.

వెర్లా ఊపిరి బిగబట్టి ఆ రంగుల్ని చూసేది. అంత అందమైన ఎరుపు ఆమె ఇంకెక్కడా చూడలేదు.

ఆ బండి కోళ్ళ కింద దొరికింది.

నిజంగానే. ఊరి చివర ఒక రైతు దొడ్లో, పంతొమ్మిది వందల ఇరవై తొమ్మిదో సంవత్సరపు ఫోర్డు రోడ్‌స్టర్. పైకప్పు లేని రెండు సీట్ల బండి. సీట్లలో గడ్డి, గడ్డిలో గుడ్లు. "నాదేముంది, ఆ కోళ్ళనడిగి తోలుకుపో," అన్నాడట రైతు. ఆరిన్ టోపీ తీసి, కోళ్ళ ముందు వంగి, అడిగే తోలుకొచ్చాడు.

రెండేళ్ళు.

పొద్దంతా నూనె బావుల దగ్గర పని. పని దిగితే షెడ్డు. మడ్‌గార్డులు ఊడదీశాడు. తుప్పు గీకాడు. ఎక్కడో బోల్తా పడ్డ కారులోంచి ఎనిమిది సిలిండర్ల ఇంజను తెచ్చాడు. యుద్ధం వదిలేసిన విమానంలోంచి నడుం పట్టీ తెచ్చాడు. కొత్తదంటూ ఏదీ లేదు. అన్నీ ఒకసారి చచ్చి బతికినవే.

సీటు వెర్లా కుట్టింది. సైన్యం అమ్మేసిన గుడారం గుడ్డ. కడుపుతో ఉన్న నెలల్లో, బొజ్జ మిషను బల్లకి ఒరుసుకుంటుంటే కుట్టింది. లోపల బిడ్డ తన్నేది. బయట సూది తన్నేది.

బిడ్డ పుట్టింది. డెల్లా. బండి ఇంకా పుట్టలేదు.

"ఈ రెండింట్లో నీకేది ముద్దు?" అని అడిగేది వెర్లా.

"రాత్రిళ్ళు ఏడవనిది," అనేవాడు ఆరిన్.

నవ్వేది. నవ్వుతూనే భయపడేది.

తొమ్మిదో తరగతిలో, పత్తి ఏరే రోజుల్లో, బడి మానింది వెర్లా. మళ్ళీ పోలేదు. పుస్తకాలు చెప్పేవేవీ ఆమెకు రావు. భయపడటం మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. బిడ్డతోపాటే వచ్చింది. పాలు వేడెక్కువేమో. ఊపిరి తక్కువేమో. కిటికీలో గాలేమో. ఆ తర్వాత బండి. టైర్లు పాతవేమో. పెట్రోలు డబ్బా సీటుకి మరీ దగ్గరేమో.

అన్నీ పైకే అనేది. ఒక్కొక్కదానికీ ఆరిన్ ఒక్కొక్క జవాబు చెప్పేవాడు. మొదట ఓపిగ్గా. తర్వాత నవ్వుతూ. తర్వాత తల తిప్పకుండానే.

ఎందుకంటే ఆ బండి బజారుకెళ్ళే బండి కాదు. మొహావీ ఎడారిలో ఎండిపోయిన సరస్సు ఒకటుంది. అద్దంలా చదునైన నేల. అక్కడ ఒక్కొక్కరే తిన్నగా తోలతారు. గడియారం పెట్టి వేగం కొలుస్తారు. గంటకి నూట పది మైళ్ళు... ఆరిన్ ఆ అంకెను అన్నం ముందు ప్రార్థనలా అనేవాడు.

వేగానికి బండి నేలకి దిగాలి. ముందు ఇరుసు వంచి దించాడు. ఇరుసు దిగితే చక్రాల్ని తిప్పే చేతులూ దిగాలి. ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి. జానెడేసి ఇనుము. మనిషి స్టీరింగు తిప్పితే ఆ మాట చక్రానికి చేర్చేవి ఆ చేతులే.

ఎలా వంచాలో పక్కింటి టిబెట్స్ చెప్పాడు. ముసలాయన ఒకప్పుడు కమ్మరి.

"వంచగానే బూడిదలో పాతిపెట్టు. తెల్లారేదాకా తియ్యకు. నీళ్ళు మాత్రం చూపించకు. చంటిపిల్లని నిద్రపుచ్చటం లాంటిదబ్బాయ్ — దానంతట అది చల్లారాలి."

ఎడమ చెయ్యి అలాగే వంచారు. తలుపు మూసి. మంట పెట్టి. టమాటా, నారింజ, మొక్కజొన్న. వెర్లా ఇనుము కొసకి పొడుగాటి గొట్టం తొడిగి లాగింది, ఆరిన్ కొలిచాడు. తర్వాత బూడిద. తెల్లవారి తీస్తే ఇంకా గోరువెచ్చగా ఉంది, నిద్రలేచిన బిడ్డ బుగ్గలా.

కుడి చెయ్యి మర్నాడు.

మోకాలెత్తు చెట్టు మొద్దుకి బిగించిన వైసు. వైసు దవడల మధ్య బిగించిన ఇనుము. వంపు అయింది, కొలత సరిపోయింది. అప్పుడే వీధిలో హారను.

"ఆరిన్! ఒరే ఆరిన్! నా ట్రక్కు నడిరోడ్డున చచ్చింది, వచ్చి ఓ తోపు తొయ్యరా!"

లైల్. ఆరిన్‌తో పనిచేసేవాడు. ఆ ట్రక్కు వారానికోసారి చచ్చేది.

"ఒక్క నిమిషం. బూడిద తొట్టి ఇటు జరిపి ఉంచు," అని ఆరిన్ తలుపు తోసుకుని పరిగెత్తాడు.

తలుపు తెరుచుకుంది.

వెలుతురు లోపలికి దూకింది. ఎండ షెడ్డంతా నిండింది. ఆ వెలుతురులో ఇనుము రంగు... పోయింది. వెలుతురు మింగేసింది.

వెర్లా తొట్టి లాగుతోంది. బల్లకి అవతల ఉంది. నాలుగడుగుల దూరం.

డెల్లా వచ్చింది. పెరటి మెట్ల మీద ఆడుకుంటున్న పిల్ల. పదమూడు నెలలు, నడకొచ్చి పది రోజులు. తప్పటడుగులతో, తెరిచిన తలుపులోంచి, తిన్నగా మొద్దు దగ్గరికి. చెయ్యి చాచింది. ఐదు వేళ్ళు.

వెర్లాకి కేక రాలేదు. కాళ్ళ దగ్గర బకెట్టు ఉంది, మంటలంటుకుంటే ఆర్పడానికి ఎప్పుడూ ఉంచే నీళ్ళ బకెట్టు.

విసిరింది.

సుయ్‌ఁ మంది.

ఆవిరి. ఆవిరిలో ఏడుపు. బల్ల దాటి ఎలా వచ్చిందో, పిల్లని ఎలా లాక్కుందో తెలియదు. పిడికిలి విప్పి చూసింది. ఐదు వేళ్ళు. తెల్లగా, తడిగా. ఏమీ కాలేదు. ఒక్కొక్క వేలినీ ముద్దు పెట్టుకుంది. మళ్ళీ మొదటినుంచి పెట్టుకుంది.

తర్వాత పట్టకారుతో ఇనుమును తీసి బూడిదలో పాతింది. తడి బూడిద ముద్దలుగా అంటుకుంది.

"పాపెందుకు ఏడుస్తోంది?" ఆరిన్ వచ్చి అడిగాడు.

"పడింది."

అంతే. ఒక్క మాట. పిల్లని మెట్ల మీద వదిలేసిన తల్లి చెప్పే మాట. కంచం కడిగినంత తేలిగ్గా వచ్చింది. నిప్పు ఆరినట్టే అనుకుంది.

తెల్లవారి ఆరిన్ బూడిద దులిపి, తీగ బ్రష్షుతో రుద్ది, ఎండలో పట్టుకు చూశాడు. "ఎడమదానికి కవల!" అన్నాడు. నల్లరంగు వేశాడు. బిగించాడు.

వెర్లా కూడా మరిచిపోయింది. దాదాపుగా.

సెప్టెంబరులో మొక్కజొన్న రొట్టె పట్టుకుని కంచె దగ్గరికి వెళ్ళింది. టిబెట్స్ రొట్టె తుంచుకుంటుంటే, ఊరికే అడిగినట్టు అడిగింది.

"నీళ్ళు చూపిస్తే ఏమవుతుంది, టిబెట్స్ గారూ?"

"చెప్తే ఏం లాభం? రా అమ్మాయ్, చూపిస్తా."

ఆయనకి అలా అడిగేవాళ్ళు లేక ఎన్నేళ్ళయిందో. పాత లారీ ఇరుసు ముక్కను ఎర్రగా కాల్చాడు. నీళ్ళలో ముంచాడు. దాగలి అంచున పెట్టి సుత్తితో ఒక్కటి వేశాడు.

వంగలేదు. విరిగింది. పింగాణీ కప్పులా విరిగింది.

విరిగినచోట ఇనుము లోపల చక్కెర పలుకులు. మెరుస్తున్నాయి.

వెర్లా వంగి దగ్గరగా చూసింది.

"పైకి చూస్తే తెలుస్తుందా?"

"ఆకురాయి పెడితే తెలుస్తుంది, గట్టిపడ్డచోట జారిపోతుంది. సరిగ్గా అక్కడే పెట్టాలి మరి. వేలెడు పక్కన పెడితే బానే ఉందంటుంది."

"ఎప్పుడూ ఇలాగే విరుగుతుందా?"

"నీళ్ళు పడ్డప్పటి రంగుని బట్టి. ఎర్రగా ఉండగా పడితే గాజే. నల్లబడ్డాక పడితే ఏం కాదు, దేవుడి దయ. ఏ రంగో తెలియకపోతే నేనైతే పారేసి ఇంకోటి చేస్తా." రొట్టె నమిలాడు. "ఎందుకమ్మా, ఏం కాల్చావేంటి?"

ఏం రంగు.

ఆ రోజు నుంచి ఆమెకు వేరే ఆలోచన లేదు. బట్టలు ఆరేస్తూ కళ్ళు మూసుకునేది. తలుపు తెరుచుకునేది. వెలుతురు దూకేది. పాప చెయ్యి చాచేది. ఇనుము... ఇనుము ఏం రంగులో ఉంది? ఎరుపా. నలుపా. ఆమె ఇనుమును చూడలేదు. వేళ్ళను చూసింది. ఐదు వేళ్ళనే చూసింది.

ఎన్నిసార్లు తెరిచినా ఆ తలుపులో ఎండ తప్ప ఏమీ లేదు.

అక్టోబరు. ఏడాదికి ఆఖరి పందెం ఆదివారం. ఆ తర్వాత వానలు పడతాయి, సరస్సు నిజంగానే సరస్సవుతుంది.

శనివారం పొద్దున చెప్పింది. అన్నీ చెప్పింది. పాప, బకెట్టు, పడిందన్న అబద్ధం. బీన్సు గిన్నె చేతిలో పట్టుకునే, ఒక్క ఊపిరిలో.

ఆరిన్ పాప వేళ్ళని చేతిలోకి తీసుకుని చూశాడు.

"మంచి పని చేశావు," అన్నాడు. గొంతు మెత్తగా ఉంది. "నేనుంటే అదే చేసేవాణ్ణి."

"అయితే విప్పెయ్యి."

"చూద్దాం పట్టు."

బండి కింద పడుకున్నాడు. నల్లరంగు గీకి ఆకురాయి పెట్టాడు. ఇనుము రజను రాలింది. రెండోచోట పెట్టాడు. రాలింది. సుత్తితో తట్టాడు. చర్చి గంటలా మోగింది.

"విన్నావా? బంగారం."

"వంపు లోపలివైపు?"

"అక్కడికి ఆకురాయి దూరదు."

"విప్పితే దూరుతుంది కదా!"

"విప్పితే చక్రాల వరస పోతుంది. కుదుర్చుకోడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది వెర్లా, పందెం రేపు."

"టిబెట్స్ గారు అయితే పారేసి ఇంకోటి చేస్తానన్నారు..."

"ఆయన గుర్రాన్ని కట్టేసి, కట్టుని మళ్ళీ మూడుసార్లు చూసుకునే రకం." బండి కిందనుంచే నవ్వాడు. "పోయిన నెల టైర్లు. అంతకుముందు పెట్రోలు డబ్బా. ఇది కాకపోతే రేపు గాలి అంటావు. నాకు తెలీదూ?"

తెలుసు. అతనికి తెలుసు. అన్ని అబద్ధపు భయాలూ ఆమె ముందే ఖర్చు పెట్టేసింది. నిజం వచ్చేసరికి వేరే గొంతు మిగల్లేదు.

అతను పెట్రోలుకి వెళ్ళినప్పుడు పానా తీసుకుని బండి పక్కన కూర్చుంది. నట్టుకి తగిలించింది. లాగింది. మోకాళ్ళు నేలకి తన్ని, పళ్ళు కరిచి, రెండు చేతులా లాగింది. అరచెయ్యి చీరుకుంది.

కదల్లేదు. ఆరిన్ బిగించిందేదీ వదులు కాదు. మంచి పనివాడు.

ఆదివారం.

చీకటి విచ్చుతుండగా సరస్సు చేరారు. పగుళ్ళు పగుళ్ళుగా నేల, కంటికి ఆనినంత మేరా ఏమీ లేదు. చలి. కాఫీ ఆవిర్లు. బండ్ల వరస. పరీక్ష చేసే మనిషి నడుం పట్టీ లాగి చూశాడు, టైరు తన్ని చూశాడు, వంగి కింద చూశాడు. "శుభ్రమైన పని," అన్నాడు.

"అయ్యా, ఆ కుడి చెయ్యి —" అంది వెర్లా.

"పిల్లతో తాడు అవతలికి వెళ్ళాలమ్మా."

తాడు అవతలికి వెళ్ళింది.

గుడారం గుడ్డ సీట్లో ఆరిన్ కూర్చున్నాడు. ఆమె కుట్టిన కుట్ల మీద. కళ్ళద్దాలు దించుకునే ముందు వీళ్ళకోసం వెతికాడు. దొరికారు. పాపకి చెయ్యి ఊపాడు, ఆనాడు కోళ్ళ ముందు వంగినట్టే తల వంచి దణ్ణం పెట్టాడు. వెర్లా నవ్వింది. నవ్వాలి కదా.

జెండా ఊగింది.

మొదట చప్పుడు. తర్వాత దుమ్ము. తర్వాత దుమ్ము ముందు ఒక నల్లచుక్క, చిన్నదవుతూ...

ఆవలి కొండల మీద సూర్యుడు అప్పుడే పైకొస్తున్నాడు. పండిన టమాటా ఎరుపు. తర్వాత నారింజ. తర్వాత ఎండిన మొక్కజొన్న గింజ... అక్కడ ఆగలేదు. తలుపు తోసినట్టు వెలుతురు సరస్సంతా దూకింది. నేల తెల్లబడింది. దుమ్ము తెల్లబడింది. నల్లచుక్కని వెలుతురు మింగేసింది.

చంకలో డెల్లా ముందుకు వంగింది. వెలుతురు వైపు చెయ్యి చాచింది.

ఐదు వేళ్ళు.

వెర్లా చూస్తూ ఉంది. కాళ్ళ దగ్గర బకెట్టు లేదు.

ఎరుపా... నలుపా...