ఈతగుడ పొగ

మంత్రిగారు లేచి నిలబడేసరికి గ్రామ సచివాలయంలో అందరూ సుజానా ఫోను చుట్టూ మూగారు. తమ పంచాయతీలోని ఊరి పేరు అసెంబ్లీలో వినబడటం అదే మొదటిసారి. పంచాయతీ కార్యదర్శి తనే కాబట్టి, ఆయన చదవబోయే జవాబు తను రాసి పంపిందే కాబట్టి, సుజానాకు కొంచెం గర్వంగా కూడా ఉంది.

ఈతగుడకు రోడ్డు లేక గర్భిణులను డోలీలో మోసుకురావలసి వస్తున్న మాట వాస్తవమేనా, అయితే రోడ్డు ఎప్పుడు వేస్తారు? ఇదీ ప్రశ్న.

"కాదు అధ్యక్షా," అన్నారు మంత్రిగారు కాగితం మీంచి తల ఎత్తకుండా. "ఈతగుడలో ప్రస్తుతం ఎవరూ నివసించడం లేదు. కనుక రెండో ప్రశ్న ఉత్పన్నం కాదు అధ్యక్షా."

పావు నిమిషంలో అయిపోయింది. ఆ తర్వాత ఎక్కడో వీధి దీపాల గురించి మొదలుపెట్టారు.

ఆ జవాబు వెనక కథ కూడా అంత చిన్నదే. ఐదు రోజుల కిందట పొద్దున పదకొండింటికి ఎంపీడీవో గణపతిరావు ఫోన్ చేసి, సాయంత్రం నాలుగు లోపల నివేదిక కావాలన్నాడు. జీపు ఆగేచోటు నుంచి ఈతగుడకు మూడు గంటల ఎక్కుడు. సుజానా ఎక్కలేదు. ఎదుటి గట్టు మీద నిలబడి చూసింది. మన్యంలో ఇళ్లు చెట్లలో కలిసిపోతాయి, పొగ మాత్రం కలవదు. ఊరుందో లేదో చెప్పేది అదే. అరగంట నిలబడినా అటు ఒక్క పాయ పొగ లేవలేదు. కాఫీ తోటల పనికి అందరూ వలసపోయి ఉంటారనుకుంది. 'స్వయంగా పరిశీలించగా' అని మొదలుపెట్టి నాలుగు వాక్యాలు రాసి పంపేసింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

శుక్రవారం సంతలో కూరలు ఏరుకుంటుంటే వెనకనుంచి ఎవరో కొంగు లాగారు. ఈతగుడ యర్రమ్మ. ముందు కొండచీపుళ్ల కట్టలు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏటి మేడం, మావు లేవంట గదా? మరి సీపుర్లమ్ముతున్నది ఎవులు, దెయ్యమా?"

పక్కన అల్లం అమ్ముకునే ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. సుజానాకు చెవులు వేడెక్కాయి.

"ఆ రోజు చూశాను యర్రమ్మా. మీ ఊళ్లో ఒక్క పొయ్యి కూడా వెలగలేదు."

"ఎట్టా ఎలుగుతాది? ఆ ముందు దినమే నా మావ సచ్చిపోనాడు. ఊరంతా ఒకే ఇంటిపేరోళ్లం. సావొత్తే మూడు దినాలు ఏ ఇంటా నిప్పెట్టం. కిందూరి సుట్టాలే అంబలి మోసుకొచ్చి పోత్తారు. ఇన్నేళ్లు ఈడ ఉజ్జోగం సేత్తన్నావు, నీకు తెల్దా?"

తెలుసు. పదకొండేళ్లుగా తెలుసు. మరిచిపోనూ లేదు. ఎవరినీ అడగలేదు, అంతే.

యర్రమ్మ నవ్వు ఆపి దగ్గరికి జరిగింది. "ఇంకో మాట. ఆ మంత్రి సెప్పిన దినం నుండి మా పొయ్యిల్లో పొగ రాటం లేదు."

"రాకపోవడమేంటి?"

"మంట ఉంటాది. అంబలి ఉడుకుతాది. పొగే లేదు. పచ్చి కొమ్మలేసి సూసినాం, తడి గడ్డేసి సూసినాం. లేదు." చీపురు పుల్ల ఒకటి తీసి విరిచింది. "మా కోడలు కనకకి నెలలు నిండినాయి మేడం. మాకాడ ఫోన్లు పలకవు. నొప్పులొత్తే పచ్చాకు కుప్పేసి తగలెడతాం. అది సూసి కిందూరోళ్లు డోలీ అట్టుకుని బేగి ఎక్కుతారు. పొగ లేకపోతే మాకోసం ఎవులొత్తారు?"

"మనిషిని పంపితే?"

"మనిషి దిగాల, మల్లా ఆళ్లు ఎక్కాల. పోయినేడు నా పెద్దకోడలికి అంత సేపు లేకపోయింది."

సుజానా ఆ మాటలు సగం నమ్మి, సగం నమ్మక ఇంటికి వచ్చింది. పెరట్లో అత్తగారు తెరిసమ్మ స్నానానికి నీళ్లు కాచుకుంటోంది.

"ఏటే సుజానా, ఈ పొయ్యికేటైంది? నా కళ్లు మండట్లేదు."

నీలగిరి కట్టెలు, అవీ తడివి. మండుతున్నాయి. కాగులో నీళ్లు మరుగుతున్నాయి. పొయ్యి పైన గోడకు ఆనుకుని ఉన్న ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. సుజానా కాసేపు చూసి, చెయ్యి పెట్టి చూసింది. వేడి తగిలింది. వేళ్లకు మసి అంటలేదు.

"కట్టె మంచిదేమో అత్తయ్యా," అంది.

"ముప్పై ఏళ్లుగా ఏడిపించిన కట్టె ఇయ్యాల మంచిదైపోయిందా?" అంది తెరిసమ్మ, పొయ్యి వంక అనుమానంగా చూస్తూ.

లోపలికి వెళ్లి సుజానా గణపతిరావుకు ఫోన్ చేసింది.

"సార్, ఈతగుడ గురించి నేను తప్పు రాశాను. అక్కడ మనుషులున్నారు."

"ఏటమ్మా, మంత్రిగారి నోట వచ్చేసిన మాట! ఇప్పుడాయన్ని లేచి పొరపాటైందని చెప్పమంటావా?"

"సవరణ ప్రకటన చేయొచ్చు కదా సార్."

"చేయొచ్చు. ఆ సవరణ కింద ఎవరి మెడ పెట్టాలో చెప్పు."

"నాదే పెట్టండి."

అవతల తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత గొంతు తగ్గించి, "సోమవారం పది గంటలకి సభ. ప్రశ్న అడిగినాయన మళ్లీ గొడవ చేస్తాడంటున్నారు, పైవాళ్లు కూడా ఏదో ఒకటి చెప్పాలనే చూస్తున్నారు. ఇళ్లెన్ని, మనుషులెంతమంది, ఫోటోలతో తొమ్మిదిన్నరకల్లా నా ఫోన్లో ఉండాలి," అన్నాడు.

సోమవారం పొద్దున్నే సుజానా ఈతగుడ కిందూరు దిగువవలసలో జీపు దిగింది. మంచు ఇంకా విడవలేదు. డోలీ మోసేవాళ్లలో పెద్దవాడు మంగ్లు అరుగు మీద పళ్లు తోముకుంటున్నాడు.

"పైన పొగ కనిపించిందా మంగ్లూ?"

"నేదు మేడం. వారం దినాలైపోనాది. ఎటో ఎల్లిపోనారు." అంత మామూలుగా అన్నాడు. శుక్రవారం తన చుట్టం యర్రమ్మను సంతలో చూసి ఉంటాడు. ఆ మాట అడిగితే, "అవును గదా," అని, వేపపుల్ల నోట్లోనే పెట్టుకుని, ఏదో గుర్తు తెచ్చుకోలేకపోతున్నవాడిలా కొండ వంక చూశాడు.

ఎక్కుతుంటే ముందు చప్పుళ్లు వినబడ్డాయి. రోకలి దంపు, కుక్క మొరుగుడు, ఎవరో పిల్లను తిట్టడం. ఆ చప్పుళ్లన్నీ దగ్గరవుతున్నా ఊరు కనబడలేదు. ఆఖరి మలుపు తిరిగి మొదటి గుమ్మం ముందు నిలబడేదాకా అది మంచులోంచి బయటికి రాలేదు.

ఊళ్లో ప్రతి పొయ్యీ మండుతోంది. ఎక్కడా పొగ లేదు. పొగ లేని మంట అంత భయంగా ఉంటుందని సుజానాకు తెలియదు. ఆరుబయట ఆడవాళ్లు పచ్చాకు కుప్ప పోసి నిప్పు పెట్టారు. ఆకులు ముడుచుకుని, నల్లబడి, చిటపటమనకుండానే బూడిదైపోతున్నాయి.

"నొప్పులు తెల్లారగట్ట మొదలైనాయి," అంది యర్రమ్మ. "నా కొడుకు ఇప్పుడే వాగుదారిన కిందికి పరిగెట్టినాడు. రత్తం పోతంది మేడం."

కనక గోడకు జారబడి ఉంది. ఇరవై ఏళ్లుండవు. సుజానా పక్కన కూర్చోగానే ఆ పిల్ల ఆమె ఎడమ మణికట్టు పట్టేసుకుంది. గోళ్లు దిగాయి. సుజానా విడిపించుకోలేదు. యర్రమ్మ ఇళ్లూ మనుషులూ చెబుతుంటే కుడిచేత్తో ఒళ్లోనే కాగితం పెట్టుకుని రాసింది.

'నివేదిక పంపిన రోజు నేను ఈతగుడ వెళ్లలేదు. ఎదుటి గట్టు నుంచి చూసి రాశాను. ఊళ్లో చావు జరిగినందువల్ల పొయ్యిలు వెలగలేదు. ఈతగుడలో పందొమ్మిది ఇళ్లు, డెబ్భై ఒక్కమంది ఉన్నారు. ఈ రోజు స్వయంగా ఊళ్లో ఉండి రాస్తున్నాను.'

సంతకం చేసి, ఇళ్లకు ఫోటోలు తీసి, ఊరి వెనక బండ మీదికి ఎక్కింది. అక్కడొక్కచోటే ఫోనుకు రెండు గీతలు వస్తాయి; మాట పలకదు, మెసేజీలు మాత్రం ఎలాగో వెళ్తాయి. అన్నీ పంపింది. గణపతిరావు చూసినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు. తిరిగొచ్చి కనకకు మళ్లీ చెయ్యి అందించింది.

"నిన్నెవులు రమ్మన్నారు?" అంది కనక పళ్లు బిగబట్టి.

"ఎవరూ రమ్మనలేదు. నేనే వచ్చాను."

"అయితే ఎల్లిపోకు."

"వెళ్లను."

పది దాటింది. పదింపావైంది. ఆరుబయట ఎవరో కేక పెట్టారు.

కుప్పలోంచి పొగ లేచింది. సన్నగా కాదు, ఇన్ని రోజులూ ఎక్కడో ఆగిపోయిన పొగంతా ఒక్కసారి వచ్చినట్టు, తెల్లగా, చిక్కగా. పందొమ్మిది ఇళ్ల కప్పుల్లోంచీ లేచింది. మనిషికి మనిషి కనబడలేదు. దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ, "ఒచ్చినాది, ఒచ్చినాది!" అని అరుస్తున్నారు. కింద లోయలోంచి మంగ్లు కూత జవాబుగా వినబడింది.

ఆ కూత పెట్టినవాళ్లు రెండు గంటల్లో డోలీతో పైకొచ్చారు. దిగేటప్పుడు వాగు దాటేదాకా సుజానా పక్కనే నడిచింది. వాగు దాటాక ఆడపిల్ల పుట్టింది. తల్లినీ బిడ్డనూ అంబులెన్సు ఎక్కించి ఆమె ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది.

పెరట్లోంచి తెరిసమ్మ కళ్లు నలుపుకుంటూ వచ్చింది. "దేవుడికి స్తోత్రం, పొయ్యి బాగైపోయిందే. కళ్లు పేలిపోతన్నాయి."

సుజానా మంచం మీద కూర్చుని ఫోనులో సభ చూసింది. పదింపావుకు మంత్రిగారు లేచారు.

"సవరించుకుంటున్నాను అధ్యక్షా. ఈతగుడలో పందొమ్మిది ఇళ్లు, డెబ్భై ఒక్కమంది ఉన్నారు. రోడ్డు ప్రతిపాదన పరిశీలనలో ఉంది. స్థానిక కార్యదర్శి ఈతగుడకు ఎన్నడూ వెళ్లకుండా నివేదిక పంపినందువల్ల ఈ పొరపాటు జరిగింది. చర్య తీసుకుంటున్నాం అధ్యక్షా."

ఎన్నడూ అని తను రాయలేదు. 'నివేదిక పంపిన రోజు' అని రాసింది. 'ఈ రోజు స్వయంగా ఊళ్లో ఉండి' అన్న ఆఖరి వాక్యం ఎక్కడ పోయిందో గణపతిరావును అడగాలనుకుంది. 'పైకి సంక్షిప్తంగా పంపాలమ్మా' అంటాడు. ఉద్యోగం ఎలాగూ పోయేట్టుంది, బిడ్డ దక్కింది కదా అనుకుని ఊరుకుంది.

శుక్రవారానికి సస్పెన్షన్ కాగితం చేతికొచ్చింది. సంచీ పట్టుకుని సంతకు వెళ్లింది. యర్రమ్మ చీపుళ్ల పక్కన కనక కూర్చుని ఉంది, ఒళ్లో బిడ్డ. ఆస్పత్రిలో ఆ పొద్దునే వదిలారట.

"ఎలా ఉన్నావు కనకా?"

కనక అత్త వంక చూసింది. యర్రమ్మ ముఖం ముడుచుకుంది.

"ఏటి మేడం, మా కోడలు గుంటని నువ్వెప్పుడు సూసినావు?"

"అదేంటి యర్రమ్మా, సోమవారం మీ ఇంట్లోనే కదా ఉన్నాను."

"మా ఇంటనా? నువ్వు మా ఊరు ఎప్పుడొచ్చినావు? ఎన్నడూ రాలేదు గదా."

యర్రమ్మ వేళాకోళమాడటం లేదు. చీపురు కట్టలు ఎత్తుతున్న మంగ్లు, "మీరు మా ఊరుకాడ జీపు కూడా దిగలేదు మేడం," అన్నాడు నెమ్మదిగా, నొప్పించకూడదన్నట్టు.

సుజానా ఫోను తీసింది. సోమవారం పొద్దుటి ఫోటోలు ఉన్నాయి. అన్నింటిలోనూ ఎదుటి గట్టు మీంచి తీసిన కొండ, దాని మీద మంచు.

ఆమె సంచీ కింద పెట్టి, గాజులు పైకి తోసి, ఎడమ మణికట్టు కనక ముందు చాపింది. నాలుగు గోళ్ల గాట్లు, ఇంకా పచ్చిగానే ఉన్నాయి. సుజానాయే కనక చెయ్యి తీసుకుని తన మణికట్టు మీద పెట్టుకుంది. నాలుగు వేళ్లూ నాలుగు గాట్లలో సరిగ్గా కూర్చున్నాయి.

కనక బెదిరి చెయ్యి లాక్కుని బిడ్డను గుండెకు అదుముకుంది.

"ఎవులమ్మా నువ్వు?"