అత్త నడక

మా అత్త పచ్చయమ్మ చచ్చిపోయి పదకొండేళ్లయింది. అయినా నా నడుం వదల్లేదు. ఊరికే అంటున్న మాట కాదిది. ఆడి నెల జాతరకు పెరియపాళయం అమ్మవారి గుడికి పోతే, ఆ జనంలో ముక్కూ మొగం తెలియని ఒకావిడ నన్నాపి, "మీ ఇంటి ఆడమనిషే నీ నడుం పట్టుకోని ఉండాది" అని చెప్పింది. నేను అడగనైనా లేదు. బతికినన్నాళ్లూ నేను చుట్టిన నూలు కండె వదులనీ, కాచిన చారు పలచననీ సాధించింది. పోయాక నడుం మీదెక్కి కూర్చుంది. ఇంకెక్కడికి పోతుంది మహాతల్లి?

తిరుత్తణికి అవతల మా ఊళ్లో ఇంటింటా మగ్గమే. మా ఇంట్లో రెండు. ఒకటి మా ఆయన జగన్నాథన్‌ది, రెండోది అత్తది. నేల తవ్విన గుంతలో కాళ్లు దించి కూర్చుని, అడుగున ఉన్న రెండు చెక్కల్ని మార్చి మార్చి తొక్కుతూ నేయాలి. అత్త కర్మ ముగిసిన మర్నాడు ఆ గుంతకు పసుపు కుంకుమ పెట్టి నన్ను కూర్చోబెట్టారు. పెద్దవాళ్ల మగ్గం ఎలా ఉంటే అలాగే అందుకోవాలి, ఒక్క మేకు కూడా పీకకూడదు, అది మావాళ్ల ఆనవాయితీ. ఎడమ చెక్క మీద ఇంకో చెక్క బిగించి ఉన్నట్టు కాలికి తగిలింది. రెండు వేళ్ల ఎత్తు, ఒక పక్కకు వాలు. మగ్గమంటే ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాను. మా పుట్టిల్లు కడంబత్తూరు, నాన్న పట్టాభిరామ్‌లో కంపెనీ పనికి పోయేవాడు. నేను మగ్గంలో కాలు పెట్టడం అదే మొదలు.

మూడో ఏడు నడుం పట్టేసింది. నూనెలు రాశాను, బెల్టు కట్టాను, సూదులు వేయించుకున్నాను. స్కాన్ తీసి, ఎముకలో ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే కూర్చున్నదాన్ని లేవలేనెందుకు?

ఆ తర్వాత అడుగులు మొదలయ్యాయి. అత్తకు చిన్ననాటి నుంచీ ఎడమకాలు కురచ. ఒక అడుగు గట్టిగా పడేది, రెండోది ఈడ్చుకుంటూ వచ్చేది. ఇల్లు సద్దుమణిగిన మధ్యాహ్నం నేను వంటింట్లోంచి మగ్గాల గదికి వస్తుంటే ఆ చప్పుడు నా వెనకే. నేనాగితే అదీ ఆగేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఆడి కృత్తికకు తిరుత్తణి కొండ మెట్లన్నీ ఎక్కి, స్వామీ ఈమెను తీసుకుపో అని మొక్కుకున్నాను. దిగేటప్పుడు మెట్టు మెట్టుకూ నాతోనే దిగింది.

ఈ నడుంతో ఇంకో ఏడాది నేయలేనని నాకే తెలిసిపోయింది. నేయకపోతే నాకు వేరే పని చేతకాదు. పోయిన నెల రైలెక్కి తిరువళ్లూరు పోయాను, సుగంధి అని ఒక ఫిజియోథెరపీ డాక్టరమ్మ దగ్గరికి. చిన్నపిల్ల. నా నడుం ముట్టుకోనైనా లేదు.

"చెప్పులిడిసి ఆ గోడ దాకా నడవండమ్మా" అంది.

నడిచాను. గట్టిగా ఒకటి, ఈడ్పుగా ఒకటి. అమ్మో, ఇంత దూరం రైలెక్కి వచ్చిందా! ఆగిపోయాను.

"ఎందుకు నిలబడిపోయినారు?"

"నీకు వినబడలేదా, ఆ అడుగులు?"

"మీ అడుగులే కదమ్మా."

మళ్లీ నడిపించి, ఫోన్లో నా నడక వీడియో తీసి చూపించింది. వెనకనుంచి చూస్తే నా చీర కట్టుకుని మా అత్త నడుస్తోంది.

"ఎడమ పాదం కింద వంపు కూలిపోయిందమ్మా" అంది సుగంధి. "పాదం ఒరిగితే మోకాలు ఒరుగుతాది, తుంటి ఒరుగుతాది, ఆ బరువంతా నడుం మోస్తాది. అందరూ నడుమే చూసినారు, కాలు చూసినోళ్లు లేరు. ఎడమకాలి కింద ఏం పెట్టుకోని పని చేస్తారు?"

చెప్పాను. చెబుతూ ఉండగానే నాకు తెలిసింది. ఆ చెక్కకూ అత్త కురచకాలికీ ముడిపెట్టే తెలివి పదకొండేళ్లలో నాకు ఒక్కసారీ రాలేదు! చెప్పుల్లో వేసుకునే మెత్తలిచ్చింది, వ్యాయామాలు నేర్పింది. ఆ చెక్క ఉన్నన్నాళ్లూ ఇవన్నీ దండగే అంది. నొప్పి తగ్గుతుందట, నడక మాత్రం మునుపటిలా అవుతుందని చెప్పలేనంది.

ఇంటికి రాగానే సుత్తి తీసుకుని గుంతలోకి దిగాను. పక్క మగ్గం మీద మా ఆయన నేత ఆపాడు.

"ఏం చేస్తా ఉండావు?"

"మీ అమ్మ చెక్క పీకుతా ఉండా మామా. చచ్చి కూడా నామీద పగ తీర్చుకునింది!"

"అమ్మను అనద్దు దేవకీ."

"అంటా. వెయ్యిసార్లు అంటా. నా కాలు తినేసింది, నా నడుం తినేసింది."

"అమ్మ తీసేయమనే చెప్పినాది."

సుత్తి నా చేతిలోనే ఉండిపోయింది. ఆయన నా వైపు చూడలేదు.

"ఆస్పత్రిలో, కడాకు పోయే ముందర. 'ఒరే, అది నా కుంటికాలికని మీ నాయన మేకులేసి కొట్టింది. దేవకి కూర్చునే ముందే పీకేయ్‌రా, ఆ పిల్లది మంచికాలు' అనింది. సెరిమా అన్నా."

"మళ్ల?"

"అమ్మ తొక్కింది కదా, చెయ్యి రాలేదు. రేపు తీద్దాం, రేపు తీద్దాం అనుకుంటా ఉంటి. అంతలో నువ్వు నడిచేది అమ్మ నడిచినట్టే అయిపాయ. కండ్లు మూసుకోని నేస్తా ఉంటే అమ్మ ఇంట్లోనే తిరగతా ఉన్నట్టు ఉండేది. దాన్ని పోగొట్టుకోలేకపోయినా దేవకీ."

ఆ ఇంట్లో నా కాలి గురించి ఆలోచించిన మనిషి ఒక్కతే. ఆమెను పదకొండేళ్లు తిట్టాను. కొండెక్కి మరీ తిట్టాను.

మూడు మేకులూ ఆయనే దిగి పీకాడు. ఆ చెక్క పక్కన పెట్టుకుని తన మగ్గం ముందు కూర్చున్నాడు, నేయలేదు. నేను గుంతలోంచి పైకొచ్చాను. ఆ మనిషిని పట్టుకుని కొట్టాలనిపించింది, ఏడవాలనిపించింది, అన్నిటికంటే ముందు ఆ గదిలోంచి బయటపడాలనిపించింది. గడప ఆరడుగుల దూరంలోనే ఉంది. పోవాలంటే నడవాలి. నడిస్తే వింటాడు.

చూస్తే, తల వంచుకుని కళ్లు మూసుకునే ఉన్నాడు. నేను అడుగు తీయలేదు.